అకారణ భయము – దాని స్వరూపము, శమనోపాయము



ఆకలి, నిద్రల వలె భయము కూడ ప్రాణులన్నింటికిని పుట్టుకతో వచ్చినదే. పామును చూచి వెనుకకు దూకనివాడు, సముద్రము పొంగి వచ్చుచుండగా తీరమున నిలబడువాడు ధీరుడు కాడు, అవివేకి. కావున భయము భగవంతుడు మన ప్రాణరక్షణకై నియమించిన కావలివాడే గాని శత్రువు కాదు. అయితే నేడు విన్నవింపబోవునది ఆ సహజ భయమును గూర్చి కాదు. ఎదుట పాము లేదు, పులి లేదు, దొంగ లేడు. మనిషి బస్సులో కూర్చుండియున్నాడు. లేక దేవాలయములో వరుసలో నిలిచియున్నాడు. లేక అర్ధరాత్రి తన మంచము మీద నిద్రించుచున్నాడు. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొనును. ఊపిరి చాలనట్లుండును. చెమటలు పట్టును, చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కును, కాళ్ళు వణకును, నోరు ఎండిపోవును, తల తిరుగును. "ఇదిగో, ప్రాణము పోవుచున్నది" అనియో, "మతి తప్పుచున్నది" అనియో గట్టి నమ్మకము కలుగును. సాధారణముగా పది నిమిషములలో అది తారస్థాయికి చేరి, అరగంటలో మెల్లగా దిగిపోవును. మన ఇండ్లలో దీనిని గాభరా అనియు, గుండెదడ అనియు చెప్పుకొందురు. వైద్యులు పానిక్ అటాక్ అని పేరు పెట్టిరి.

ఉపన్యాసము ముగిసి జనులు తీర్థప్రసాదములు పుచ్చుకొని వెళ్ళుచుండగా ఒకరిద్దరు వెనుకబడి నిలుచుట చాల సంవత్సరములుగా చూచుచున్నాను. వారు అడుగు ప్రశ్నలు మూడు. "గురువుగారూ, ఇది గుండెజబ్బా? నేను చచ్చిపోతానా?" అనునది మొదటిది. "ఎవరైనా ఏదైనా చేయించారేమో, గ్రహబాధేమో చూడండి" అనునది రెండవది. మూడవ ప్రశ్నను చాల తగ్గు స్వరముతో అడుగుదురు: "ఇన్నేళ్ళుగా సహస్రనామం చదువుతున్నాను కదా, నాకే ఎందుకిలా? నా భక్తిలో లోపం ఉందా?" శాస్త్రము చెప్పినదానిని, వైద్యులు చెప్పినదానిని, లోకానుభవమును కలిపి ఈ మూడింటికిని సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మోగవలసిన సైరను, మోగరాని సైరను

విశాఖపట్టణవాసులకు సైరను అనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు. ఓడరేవు, నౌకానిర్మాణశాల, చమురుశుద్ధి కర్మాగారము, ఉక్కు కర్మాగారము ఉన్న ఊరిది. సైరను పనివేళను చెప్పును, ప్రమాదమును కూడ చెప్పును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున గోపాలపట్నము సమీపమునగల ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడినది. జనులు గాఢనిద్రలో ఉండిరి. లేచి పరుగెత్తినవారిలో పలువురు వీథులలోనే పడిపోయిరి. పన్నెండుగురు మరణించిరి. వందలమంది ఆసుపత్రులలో చేరిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఆ సంవత్సరము జూలైలో ఇచ్చిన నివేదికలో, ఆ రాత్రి సైరను మోగింపబడలేదని తెలిపినది.

మోగవలసిననాడు సైరను మోగకున్నచో ప్రాణములు పోవును. ఇది ఒక దోషము. ప్రమాదమేమియు లేనినాడు సైరను తనంత తాను మోగుట రెండవ దోషము. అప్పుడు ప్రాణము పోదు గాని, ఊరంతయు లేచి పరుగెత్తును, ఎవరును నిద్రపోలేరు. మన శరీరములో కూడ ఇట్టి సైరను ఒకటి కలదు. గాభరా అనునది ఆ సైరను యొక్క రెండవ దోషము. అది మోగుట అబద్ధము కాదు. దాని శబ్దము నిజమే. అది సూచించు ప్రమాదము మాత్రము అక్కడ లేదు.

ఆ సైరను పనిచేయు విధమును వైద్యశాస్త్రము ఇట్లు వివరించుచున్నది. మెదడులో అమిగ్డాలా అను చిన్న భాగము కలదు. బాదంపప్పు ఆకారమున నుండుటచే ఆ అర్థము గల గ్రీకు పేరు దానికి వచ్చినది. ఆపదను పసిగట్టుటలో దానిది ముఖ్య పాత్ర. ఆపద యున్నదని మెదడు తలచినంతనే మూత్రపిండములపై నున్న గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. పారిపోవుటకో పోరాడుటకో కాళ్ళకు చేతులకు రక్తము కావలెను గనుక గుండె వేగముగ కొట్టుకొనును. పరుగెత్తు దేహము వేడెక్కును గనుక ముందుగనే చెమట పట్టును. గాలి ఎక్కువ కావలెను గనుక ఊపిరి త్వరపడును. ఇంతవరకును ఏ దోషమును లేదు. కాని మనిషి పరుగెత్తుట లేదు, కుర్చీలో కూర్చుండియే యున్నాడు. అవసరమునకు మించిన ఊపిరి వలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. దాని ఫలితమే వ్రేళ్ళ తిమ్మిరి, తల తిరుగుడు, పెదవుల చుట్టు చిమచిమ. ఊపిరి చాలుట లేదని తోచును గాని, నిజమునకు అది ఊపిరి ఎక్కువగుట వలన కలిగిన బాధ. ఈ ఒక్క సంగతి తెలిసినంతనే సగము భయము తగ్గినవారు నాకు తెలియుదురు.

ఇది గుండెజబ్బా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడు వైద్యుడు. పురాణము చెప్పువాడు కాదు, ఇరుగుపొరుగు కాదు. మొదటిసారి ఇట్టి బాధ కలిగినప్పుడు తప్పక ఆసుపత్రికి పోవలెను. ఛాతీలో నొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకినను, నడచినప్పుడు మెట్లెక్కినప్పుడు నొప్పి హెచ్చినను, స్పృహ తప్పినను, మనిషి నడివయస్సు దాటినవాడైనను, మధుమేహము, రక్తపుపోటు ఉన్నవాడైనను క్షణము ఆలస్యము చేయరాదు. "గ్యాసు పట్టిందిలే" అని సోడా త్రాగించి కూర్చుండపెట్టరాదు. థైరాయిడ్ గ్రంథి దోషము, రక్తహీనత, రక్తములో చక్కెర తగ్గుట, గుండె లయ తప్పుట కూడ ఇట్టి లక్షణములనే చూపగలవు. వానిని పరీక్షలతో తేల్చుకొనవలెను.

అయితే పరీక్షలన్నియు చేసి, "గుండె బాగున్నది" అని వైద్యుడు చెప్పిన పిదప ఆ మాటను నమ్మవలెను. నెలకొక ఇ.సి.జి. తీయించుకొనుట, గడియకొకసారి నాడి పట్టి చూచుకొనుట భయమును తగ్గించవు. దానికి మేత వేయును.

ఈ బాధ పిరికివారికే వచ్చునని తలపరాదు. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో పోరాడిన సైనికులలో కొందరికి గుండెదడ, ఆయాసము, ఛాతీనొప్పి కలుగుటయు, గుండెలో మాత్రము జబ్బు కనబడకపోవుటయు జేకబ్ డకోస్టా అను వైద్యుడు గమనించి, 1871లో ప్రకటించినాడు. ఫిరంగుల నడుమ నిలిచినవారిని పిరికివారనుట ఎట్లు? 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ బాధను ప్రత్యేక వ్యాధిగ గుర్తించి తన గ్రంథమున చేర్చినది.

రజ్జుసర్పము

వేదాంతములో రజ్జుసర్ప దృష్టాంతము మీరందరును వినియున్నారు. మసక చీకటిలో దారిలో త్రాడు పడియున్నది. బాటసారి పామని భ్రమించినాడు. గౌడపాదాచార్యులవారు మాండూక్య కారికలలో జగత్తత్త్వమును బోధించుటకు ఈ దృష్టాంతమును వాడిరి. మనము దానిని చిన్న ప్రయోజనమునకు వాడుకొందము.

పాము అబద్ధము. కాని బాటసారి గుండెదడ అబద్ధమా? కాదు. చెమట నిజము, వణకు నిజము. కాబట్టి గాభరాపడువానితో "నీకేమీ లేదు, అంతా నీ భ్రమ" అనుట సగము సత్యము, సగము క్రౌర్యము. అతని బాధ సత్యము. బాధకు అతడు ఊహించిన కారణము మాత్రమే అసత్యము.

ఇప్పుడు ఆ బాటసారి పరుగెత్తి ఇంటికి పోయినాడనుకొనుడు. ప్రాణము దక్కినదని నిట్టూర్చును. దడ తగ్గును. హాయిగ నుండును. కాని అతని మనస్సులో ఆ త్రాడు ఏమైనది? పాముగనే నిలిచిపోయినది. "నేను పరుగెత్తితిని గనుక బ్రతికితిని" అని అతడు నమ్మును. మరునాడు ఆ దారిన పోడు. నెల తిరుగునప్పటికి ఆ వీథికే పోడు. పారిపోయినంతకాలము త్రాడు పాముగనే యుండును. దానిని త్రాడుగ తెలిసికొనుటకు ఒకటే మార్గము. దీపము పట్టుకొని, కాళ్ళు వణకుచున్నను, దగ్గరకు పోయి నిలిచి చూడవలెను. నేటి మనోవైద్యులు గాభరాకు చేయు మాటల చికిత్సలో ముఖ్యభాగము ఇదియే. భయపెట్టు స్థలమునకు కొంచెము కొంచెముగ చేరి, పారిపోక, దడ తనంత తాను దిగువరకు నిలుచుటను వారు నేర్పుదురు.

మారీచుని భయము

భయము ఎట్లు వ్యాపించునో తెలిసికొనుటకు శ్రీమద్రామాయణములో మారీచుని కంటె మంచి ఉదాహరణము లేదు. అరణ్యకాండలో రావణుడు వచ్చి సీతాపహరణమునకు సాయపడుమని కోరినప్పుడు మారీచుడు తన అవస్థను చెప్పుకొనినాడు. రామబాణపు దెబ్బను రుచి చూచినవాడు గనుక అతనికి ప్రతి చెట్టులోను నారచీరలు కట్టిన రాముడే కనబడుచున్నాడట. రాముడు లేని చోట కూడ రాముడే తోచుచున్నాడట. చివరకు రత్నము, రథము వంటి మాటలు వినబడినను, అవి 'ర'కారముతో మొదలగుటచే, అతనికి వణకు పుట్టుచున్నదట.

వాల్మీకి మహర్షి మనస్తత్త్వమును ఎంత సూక్ష్మముగ చూచెనో గమనింపుడు. దెబ్బ కొట్టినది బాణము. భయము మాత్రము బాణము నుండి రాముని రూపమునకు, రూపము నుండి చెట్టునకు, చెట్టు నుండి అక్షరమునకు ప్రాకినది. రత్నము ఎవరిని కొట్టగలదు?

మన ఊరిలో కూడ ఇట్లే జరుగుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. ఆనాటి గాలి హోరును విన్నవానికి, తరువాత కిటికీ తలుపు కొట్టుకొన్నను గుండె జారవచ్చును. వెంకటాపురము రాత్రిని చూచినవానికి వంటగదిలో గ్యాసు వాసన సోకినంతనే ఊపిరి ఆగినట్లుండవచ్చును.

నాకు పరిచితుడైన ఒక గృహస్థు కలడు. గోపాలపట్నములో నివాసము, ఉక్కు కర్మాగారములో ఉద్యోగము. విషవాయువు వెలువడిన ఆ తెల్లవారుజామున భార్యాబిడ్డలను తీసికొని పరుగెత్తి బ్రతికి బయటపడినాడు. సంవత్సరము గడచిన పిదప ఒకనాడు రాత్రి షిఫ్టునకు పోవుచు కిక్కిరిసిన బస్సులో అతనికి మొదటి గాభరా వచ్చినది. ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు వద్ద దిగిపోయినాడు. నాటి నుండి బస్సు మానివేసినాడు. పిదప పూర్ణామార్కెట్టు రద్దీకి పోవుట మానినాడు. పిదప సింహాచలములో దర్శనపు వరుసలో మధ్యనే వెనుదిరిగి వచ్చినాడు. మరల కొండకు పోలేదు. చివరకు ఇంటిలో ఒంటరిగ నుండుటకును భయమే. "అప్పన్న కూడా నన్ను రానివ్వడం లేదండి" అని కన్నీరు పెట్టుకొనినాడు. ఆ మాట వినినప్పుడే ఈ విషయమును సభలో చెప్పవలెనని తోచినది. రానీయనిది స్వామి కాదు. రకారమును విని పారిపోవుచున్న మారీచుడు మనలోనే యున్నాడు.

గ్రహబాధయా? భక్తిలోపమా?

చరక మహర్షి చికిత్సను మూడు విధములుగ చెప్పెను: దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము. మొదటిది జప హోమ శాంత్యాదులు. రెండవది ఆహారౌషధములు. మూడవది మనస్సును అహితమైన విషయముల నుండి మరల్చి నిలుపుట. మూడింటికిని చోటున్నది. మనశ్శాంతికై శాంతి చేయించుకొనుట తప్పు కాదు. వైద్యమునకు మారుగ చేయించుట తప్పు. భయపడినవానికి "నీపై ప్రయోగము జరిగినది" అని చెప్పినచో ఏమగును? అంతవరకు అతనికి ఒక పామే కనబడుచుండెను. ఇప్పుడు రెండవ పామును చూపినట్లగును. అట్లు చెప్పి ధనము పుచ్చుకొనువానికి దూరముగ నుండుడు.

ఇక భక్తిలోపమను మాట. కురుక్షేత్రములో అర్జునుని చూడుడు. అవయవములు పట్టుతప్పినవి, నోరెండినది, ఒడలు వణకినది, చర్మము మండినట్లైనది, గాండీవము చేజారినది, నిలబడలేకపోయినాడు, మనస్సు తిరిగిపోయినది. అతనిది బంధుశోకము వలన పుట్టిన అవస్థ గనుక దానిని మన గాభరాతో పూర్తిగ సమానమనరాదు. కాని శరీర లక్షణములలో ఎంత పోలికయున్నదో మీరే చూడుడు. అతని ప్రక్కన ఎవరున్నారు? సాక్షాత్తు శ్రీకృష్ణుడే పగ్గములు పట్టుకొని కూర్చుండియున్నాడు. భగవంతుడు నాలుగడుగుల దూరములో నుండగా వణకినవానిని భక్తుడు కాడని ఎవరనగలరు?

ఇంకొక విశేషము కలదు. భగవానుడు మొదట రెండు మాటలు గట్టిగ మందలించినాడు. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. యుద్ధము చేయనని చెప్పి మౌనము వహించినాడు. ఆ పిమ్మటనే స్వామి అతని ప్రతి సందేహమును విని, ఒకే విషయమును పలువిధముల ఓర్పుతో చెప్పెను. గీత పదునెనిమిది అధ్యాయములైనది అందుకే. మందలింపుతో పోవునదే అయినచో మొదటి మాటతోనే ముగిసియుండెడిది.

సృష్ట్యాదిలో ఒంటరిగ నున్న ప్రజాపతికే భయము కలిగెనని బృహదారణ్యకోపనిషత్తు చెప్పుచున్నది. ఆయన "నాకంటె వేరైనదేదియు లేదు గదా, దేనికి భయపడుచున్నాను?" అని విచారించెను. భయము తొలగెను. ప్రజాపతికి కలిగిన భయము మనకు కలుగుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

ఆ వేళ చేయవలసినవి

విచారము ప్రశాంతముగ నున్నప్పుడు చేయవలసినది. గాభరా మీదికి వచ్చినప్పుడు వేదాంతము పనిచేయదు. చిన్న చిన్న పనులే పనిచేయును.

మొదట దానికి పేరు పెట్టుడు. "ఇది గాభరా. ఇంతకు ముందును వచ్చినది, పోయినది. ఇప్పుడును పోవును" అని మెల్లగ అనుకొనుడు. దానితో కుస్తీ పట్టకుడు. సముద్రస్నానము చేయువారికి ఇది తెలియును: అలకు ఎదురు నెట్టినవాడు పడిపోవును, కాళ్ళు ఇసుకలో ఊని దానిని దాటిపోనిచ్చినవాడు నిలుచును.

రెండవది ఊపిరి. ముక్కుతో మెల్లగ నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆరు లెక్కించునంతసేపు విడువవలెను. విడుచుట దీర్ఘముగ నుండుటయే ముఖ్యము. నిత్యము ప్రాణాయామము చేయువారికి ఒక హెచ్చరిక. గాభరా వేళ కుంభకము పట్టరాదు. భస్త్రిక వంటి వేగమైన ఉచ్ఛ్వాసనిశ్వాసములు చేయరాదు. అవి బాధను హెచ్చించును. ముఖమునకు కాగితపు సంచి పెట్టి ఊపిరి పీల్చుమని కొందరు చెప్పుదురు. అది కూడ క్షేమము కాదు.

మూడవది నామము. మనస్సులో వేగముగ గాక పైకి వినబడునట్లు నిదానముగ చెప్పుకొనుడు. పైకి ఉచ్చరించునప్పుడు ఊపిరి దీర్ఘముగ వెలుపలికి వచ్చును. 2001లో ఇటలీ దేశీయుడైన లూసియానో బెర్నార్డి, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో, క్రైస్తవుల జపమాల ప్రార్థనయు, మంత్రజపమును ఊపిరిని నిమిషమునకు ఇంచుమించు ఆరుసార్లకు తగ్గించునని తేలినది. అయితే "నూట ఎనిమిది పూర్తియగులోగా తగ్గవలెను" అని స్వామికి గడువు పెట్టకుడు. తగ్గినను తగ్గకున్నను నామము నామమే.

నాలుగవది దృష్టి. గుండెను లెక్కించుట మాని కన్నులతో వెలుపలికి చూడుడు. ధ్వజస్తంభము, దీపము, ఎదుటివాని చొక్కా రంగు, గంట శబ్దము, పాదముల క్రింది రాతి చల్లదనము. ఒక్కొక్కదానిని పేరుతో గుర్తింపుడు.

ఐదవది, సాధ్యమైనంతవరకు ఉన్నచోటనే యుండుడు. వాహనము నడుపుచున్నచో మాత్రము ప్రక్కకు ఆపుకొనుడు. వరుసలో నున్నచో ప్రక్కన కూర్చుండుడు, ఇంటికి పరుగెత్తకుడు. దడ దిగిన తరువాతనే లేచి, వీలైనచో ముందుకు సాగుడు.

మా పాఠశాలలో ఒక సహాధ్యాయికి సభాకంపము ఉండెడిది. ఇంటిలో తడుముకొనక చెప్పు పనసలు సభలో నోట రాకుండెను. మా గురువుగారు అతనిని తిట్టలేదు, సభకు రావలదని కూడ అనలేదు. మరునాడు సభలో తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒకే పనస చెప్పించిరి. ఆ మరునాడు రెండు. వణకు పోయిన తరువాత సభకు రమ్మనలేదు, వణకుచునే రమ్మనిరి. మనోవైద్యులు చెప్పు క్రమమును వినినప్పుడు నాకు మా గురువుగారి పద్ధతియే గుర్తునకు వచ్చినది.

గోపాలపట్నపు గృహస్థు కూడ వైద్యుని సలహాపై ఇట్లే చేసినాడు. రద్దీ లేని వేళ బస్సులో ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు వరకు, కొన్నాళ్ళకు గాజువాక వరకు, ఆ పైన కూర్మన్నపాలెము వరకు. అట్లే మొదట సింహాచలము కొండ క్రింద తొలిపావంచా వద్ద టెంకాయ కొట్టి వచ్చినాడు. పిదప మామూలు దినమున పైకి వెళ్ళినాడు. కొన్ని నెలలకు శనివారము రద్దీలో వరుసలో నిలిచి దర్శనము చేసికొనినాడు. ఆనాడును నడుమ దడ వచ్చినదట. "వచ్చింది గురువుగారూ, నేను మాత్రం రాలేదు బయటికి" అని చెప్పి నవ్వినాడు.

వైద్యము – ఇంటివారి కర్తవ్యము

గాభరా మాటిమాటికి వచ్చుచున్నను, మరల వచ్చునేమో అను భయముతో పనులు మానుకొనుచున్నను మనోవైద్యుని చూడవలెను. మాటల చికిత్స, మందులు రెండును దీనికి గుణమిచ్చును. మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. తగ్గినదని తోచినంతనే స్వయముగ మానివేయరాదు. అంగడిలో అడిగి తెచ్చుకొను నిద్రమాత్రలకు అలవాటు పడుట ప్రమాదకరము. మద్యము ఆ రాత్రికి మరపించినను మరునాడు గాభరాను రెట్టింపు చేయును. కాఫీ, టీలు తగ్గించుకొనుట, నిద్రవేళ పాటించుట, కఠినోపవాసములకు ముందు వైద్యుని అడుగుట మంచిది.

వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలను పిచ్చాసుపత్రి అని పిలిచి, ఆ గడప త్రొక్కుటకు సిగ్గుపడువారు ఇంకను కలరు. కంటికి జబ్బు చేసిన కంటి ఆసుపత్రికి పోవుట సిగ్గు కానప్పుడు ఇది మాత్రము సిగ్గెట్లగును? కె.జి.హెచ్.లో కూడ చూపించుకొనవచ్చును. బయటికి రాలేనివారు టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులో కూడ మాట్లాడుదురు. బ్రతుకు మీద విరక్తి మాటలు ఎవరైనా మాట్లాడినచో వారిని ఒంటరిగ వదలక, వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

ఇంటివారికి రెండు మాటలు. "ధైర్యం తెచ్చుకో", "అందరికీ లేనిది నీకే ఎందుకు?" అను మాటలతో గాభరా తగ్గదు. అట్లని అతని పనులన్నియు మీరే చేసిపెట్టి ఇంటిలో దాచియుంచుట కూడ మేలు కాదు. అది త్రాడును పాముగనే నిలుపును. ప్రక్కన కూర్చుండుడు. మీ ఊపిరిని నిదానము చేసికొనుడు. అతడు దానిని అనుసరించును. "నేనున్నాను, ఇది దిగిపోతుంది" అని ఒకటి రెండుసార్లు చెప్పి ఊరకుండుడు. తరువాత అతడు ఒక స్టాపు దూరము బస్సెక్కుటకు సిద్ధపడినప్పుడు తోడు వెళ్ళుడు. ఆ చిన్న అడుగును చూచి నవ్వకుడు.

హిరణ్యకశిపుని సంహరించి ఉగ్రుడై కూర్చున్న నృసింహుని సమీపించుటకు దేవతలు జంకిరి. లక్ష్మీదేవి కూడ దగ్గరకు పోలేకపోయెనని భాగవతము చెప్పుచున్నది. పసివాడైన ప్రహ్లాదుడు మెల్లగ నడచి దగ్గరకు పోయి పాదములకు మ్రొక్కగా స్వామి శాంతించి అతని తలపై చేయి ఉంచెను. ఆ స్వామియే మన సింహాద్రిపై వరాహనృసింహుడై, వైశాఖ శుద్ధ తదియనాడు తప్ప ఏడాది పొడవునను చందనపు పూతలో చల్లగ నున్నాడు. వరుసలో మీ ప్రక్కన నిలిచినవారెవరైనా చెమటలు పట్టి, గోడకు ఆనుకొని, కన్నులు మూసికొని కనబడినచో దాటిపోకుడు. కొంచెము గాలి తగులనిచ్చి, కూర్చుండబెట్టి, నొప్పి యేమైన ఉన్నదేమో అడిగి, అవసరమైనచో ఆలయ సిబ్బందిని పిలువుడు. లేనిచో దడ దిగువరకు తోడుండి, ఆ తరువాత దర్శనమునకు తోడ్కొని పొండు.

స్వస్తి.